దీపం వెనక మనిషి

మా అవ్వ వాళ్ళ ఊరు ధర్మవరం దగ్గర. నాకు ఆరేళ్ళప్పుడు అక్కడ గుడి ముందర తోలుబొమ్మలాట ఆడారు. ఆ రాత్రి లంకాదహనం. కేతిగాడూ బంగారక్కా వచ్చి నవ్వించినంతసేపూ పెద్దవాళ్ళు మేలుకునే ఉన్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరే కునుకు తీయడం మొదలుపెట్టారు. నేను మెల్లగా లేచి తెర వెనక్కి పోయాను. అక్కడ ఒకాయన చెమటలు కారుస్తూ, రెండు చేతుల్లో రెండు బొమ్మలు పట్టుకుని, కాళ్ళ కింద చెక్క పలకని దబదబా తొక్కుతున్నాడు. ఇవతల నుంచి నేను విన్న యుద్ధం చప్పుడు ఆ పలకదే. ఒకావిడ పాడుతూ పాడుతూ మధ్యలో ఒక గుక్క నీళ్ళు తాగింది. నన్ను చూసి ఎవరూ కసరలేదు. కాసేపయ్యాక మళ్ళీ ముందుకొచ్చి కూర్చున్నాను. గుట్టు తెలిసిపోయింది కదా అని హనుమంతుడు చిన్నబోలేదు. ఇంకా పెద్దవాడయ్యాడు.

ఇన్నేళ్ళ తర్వాత పారిస్‌లో ఒక శనివారం నాకు ఆ తెర గుర్తుకొచ్చింది. మా పిన్ని కొడుకు అక్కడ చదువుకుంటున్నాడు. దాంతోబాటు ఒక చిన్న స్టూడియోలో ఇంటర్న్‌షిప్. మనం నడిస్తే వెలిగే గోడలు, చెయ్యి పెడితే పూసే పూలు, ఇట్లాంటివి తయారుచేస్తారట. "ఒక్కరోజు నాకియ్యక్కా, అన్నీ తిప్పి చూపిస్తా" అన్నాడు. సరే, కానీ ఏది ముందో ఏది వెనకో నేను చెబుతానన్నాను. వాడికి కొత్తవి చూపించాలని ఉంది. నాకేమో వాటిని పాతవాటి పక్కన పెట్టి చూడాలని ఉంది. చివరికి సంవత్సరాల వరసలో పోదామని ఒప్పందం కుదిరింది.

*

మొదటి మజిలీలో చూడ్డానికి ఏమీ లేదు. వాందోమ్ కూడలి నుంచి ఒపెరా వైపు పోయే ర్యు ద లా పే అనే వీధి. అటూ ఇటూ నగల దుకాణాలు, అద్దాల వెనక వజ్రాలు, తలుపుల దగ్గర సూట్లు వేసుకున్న కాపలావాళ్ళు.

"ఇక్కడేముందక్కా?"

"ఇప్పుడేం లేదురా. ఉన్నదాన్ని 1806లో ఈ వీధి కోసం కొట్టేశారు."

ఉన్నది కపుచిన్ సన్యాసినుల మఠం. విప్లవం వచ్చాక సన్యాసినులు పోయారు, కట్టడం మిగిలింది. 1799 జనవరిలో ఆ మఠంలోకి ఒక బెల్జియం మనిషి దీపాలు పట్టుకుని దిగాడు. పేరు ఎటియన్-గాస్పార్ రోబెర్. 1763లో లియేజ్‌లో పుట్టాడు. భౌతికశాస్త్రం తెలిసినవాడు, బెలూన్లలో ఎగిరినవాడు. రంగం మీద మాత్రం తన పేరుని ఇంగ్లీషు పద్ధతిలో రాబర్ట్‌సన్ అని మార్చుకున్నాడు. అతని ప్రదర్శన పేరు ఫాంటస్మగోరీ.

టిక్కెట్టు కొన్నవాళ్ళు నేరుగా హాల్లోకి పోవడానికి లేదు. ముందు విద్యుత్తు, అద్దాల ప్రయోగాలు చూపించే గదులు. తర్వాత చీకటి నడవాలు. ఆ తర్వాత నల్లటి గుడ్డలు కప్పిన హాలు, అందులో వేలాడే ఒకే ఒక్క దీపం. కాసేపటికి అదీ ఆరిపోతుంది. ఉరుము, వాన చప్పుడు, ఎక్కడి నుంచో గాజు హార్మోనికా రాగం. అప్పుడు చీకట్లో దూరంగా ఒక చిన్న ముఖం కనిపిస్తుంది. అది పెరుగుతూ పెరుగుతూ మీద పడబోయేదాకా వచ్చి మాయమవుతుంది.

దీని కిటుకు ఏమిటంటే, దీపం ప్రేక్షకుల వెనక లేదు, తెర అవతల ఉంది. రంగుల గాజుపలకల మీది బొమ్మని దీపంతో తెర మీద వేసే మ్యాజిక్ లాంతరు అప్పటికి కొత్తదేమీ కాదు. డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ 1659 నాటికే దాన్ని తయారుచేశాడు. రాబర్ట్‌సన్ ఆ లాంతరుకి చక్రాలు పెట్టాడు. మైనం పట్టించిన తెర వెనక దాన్ని వెనక్కి లాగితే బొమ్మ పెద్దదవుతుంది. ఇవతల కూర్చున్నవాళ్ళకి అది ముందుకి దూకుతున్నట్టు ఉంటుంది. బొమ్మ చుట్టూ గాజుకి నల్లరంగు పూయడం వల్ల తెర అంచులు కనిపించవు. దెయ్యం గాలిలో తేలుతుంది.

తోలుబొమ్మలాట తెలిసినవాళ్ళకి ఇందులో సగం పాత సంగతే. దీపం వెనక, తెర మధ్యన, జనం ముందర. బొమ్మని గుడ్డకి ఆనించి పట్టుకుంటే గీతలూ రంగులూ స్పష్టంగా ఉంటాయి. దీపం వైపు జరిపితే పెద్దదవుతుంది, కానీ మసకబారుతుంది. అందుకే మన ఆటగాళ్ళు బొమ్మని తెరకి ఆనించే ఆడిస్తారు. రాబర్ట్‌సన్ పరిష్కరించింది ఆ మసక సమస్యనే. లాంతరు కదులుతున్నకొద్దీ కటకాన్నీ కదిలించి, బొమ్మ ఎంత పెరిగినా పదును పోకుండా చూశాడు.

కానీ జనం భయపడింది కటకాల వల్ల కాదు. అక్కడి నుంచి పది నిమిషాలు నడిస్తే కాంకోర్డ్ కూడలి వస్తుంది. 1793 జనవరి 21న పదహారో లూయీ తల తెగింది అక్కడే. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఎన్నో తలలు అక్కడే తెగాయి. ఆ హాల్లో కూర్చున్న చాలామందికి ఐదారేళ్ళ కిందట పోయిన సొంత మనుషులు ఉండి ఉంటారు. రాబర్ట్‌సన్ వాళ్ళ ముందు మారానీ రొబెస్పియర్‌నీ లేపేవాడు. అంతకుముందు ఏడు, 1798లో, ఇంకోచోట ఆడుతున్నప్పుడు ఎవరో చనిపోయిన రాజుని లేపమని అడిగారని ఒక పత్రిక రాసింది. ఆ తర్వాత పోలీసులు ప్రదర్శన ఆపించారు. దీపం బొమ్మకి రాజ్యం భయపడిందన్నమాట.

ఇందులో ఇంకో తమాషా ఉంది. దెయ్యాలు లేవు, ఇదంతా శాస్త్రమే అని రాబర్ట్‌సన్ ముందే ఉపన్యాసం ఇచ్చేవాడు. మూఢనమ్మకాల మీద యుద్ధం చేస్తున్నానని చెప్పుకునేవాడు. అయితే ఆ శాస్త్రం ఏమిటో మాత్రం చెప్పేవాడు కాదు. 1799లోనే తన యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. పాత సహాయకులు పోటీ ప్రదర్శన పెడితే వాళ్ళ మీద కోర్టుకెక్కాడు. అక్కడ అడ్డం తిరిగింది. యంత్రం తనదని నిరూపించుకోవాలంటే అది ఎలా పనిచేస్తుందో అందరిముందూ విప్పి చెప్పాల్సి వచ్చింది.

గుట్టు బయటపడితే వ్యాపారం పడిపోవాలి. పడలేదు. 1801కల్లా లండన్ లైసియం థియేటర్‌లో ఇంకొకరు ఫాంటస్మగోరియా మొదలుపెట్టారు. తర్వాతి ఏళ్ళలో అది యూరప్ అంతా తిరిగింది, అమెరికా పోయింది. తెర వెనక ఏముందో తెలిసినా జనం డబ్బులిచ్చి భయపడ్డానికి వస్తూనే ఉన్నారు.

"మా స్టూడియోలో కూడా ఇదే గొడవక్కా" అన్నాడు తమ్ముడు. "సెన్సర్ ఎక్కడుందో కనిపించకూడదు. కనిపిస్తే మ్యాజిక్ పోతుందంటారు."

తోలుబొమ్మల తెర వెనక నీళ్ళు తాగిన ఆవిడ సంగతి వాడికి అప్పుడు చెప్పాను. వాడు బెంగుళూరులో పెరిగాడు. ఎప్పుడూ తోలుబొమ్మలాట చూడలేదు.

*

కాంకోర్డ్ కూడలి పక్కనే ట్యూలరీ తోట. తోట చివర ఒరాంజెరీ. 1852లో నారింజ చెట్లని చలికాలం లోపల దాచడానికి కట్టిన భవనం. ఇప్పుడు అందులో క్లోద్ మోనే కలువలున్నాయి.

ఎనిమిది చిత్రాలు. ఒక్కొక్కటి దాదాపు 2 మీటర్ల ఎత్తు. అన్నీ కలిపి వరసగా పరిస్తే వంద మీటర్ల దాకా వస్తాయి. రెండు కోడిగుడ్డు ఆకారపు గదుల్లో వంపు తిరిగిన గోడలకి వాటిని అతికించారు. గది మధ్యలో నిలబడితే నాలుగు వైపులా నీళ్ళే. ఒడ్డు కనిపించదు. చూసేవాణ్ణి బొమ్మలోపల నిలబెట్టడం, ఈ రోజుల్లో ఇమర్సివ్ అని టిక్కెట్ల మీద రాసే మాట, 1927 మే నెలలో ఇక్కడ చడీచప్పుడు లేకుండా మొదలైంది. అప్పటికి మోనే చనిపోయి ఆరు నెలలు కావస్తోంది.

దీనికి పుట్టుక యుద్ధం. మొదటి ప్రపంచయుద్ధం ఆగిన మర్నాడు, 1918 నవంబర్ 12న, మోనే తన స్నేహితుడూ ప్రధానమంత్రీ అయిన క్లెమాన్సోకి ఉత్తరం రాశాడు. విజయానికి గుర్తుగా రెండు చిత్రాలు దేశానికి ఇస్తానన్నాడు. ఆ రెండూ పెరిగి ఇన్నయ్యాయి. కళ్ళలో శుక్లాలు ముదిరి రంగులు తేడా కొడుతున్నా వేస్తూ పోయాడు. 1923లో ఆపరేషన్ చేయించుకుని మళ్ళీ దిద్దాడు. బతికున్నంతకాలం వాటిని చెయ్యి దాటనివ్వలేదు. విజయానికి గుర్తు అన్నమాటే గానీ, వాటిలో జెండా లేదు, సైనికుడు లేడు. ఒక్క మనిషీ లేడు.

ఇక్కడ దీపం వెనక ఎవరున్నారు? సూర్యుడు. పైకప్పు నుంచి దిగే పగటి వెలుతురులోనే చూడాలని మోనే కోరిక. మబ్బు పడితే గోడ మీది నీళ్ళు కూడా నల్లబడతాయి. మేమున్న ముప్పావుగంటలో అలా రెండుసార్లు జరిగింది. తలెత్తి చూస్తే గుడ్డ పరిచిన కప్పు, దాని మీద ఎక్కడో పోతున్న మబ్బు.

ఆ వెలుతురుని ఒకసారి దొంగిలించారు కూడా. 1960లలో ఇంకో పెద్ద చిత్రాల సేకరణకి చోటు కావలసి వచ్చి, ఈ గదుల నెత్తిన ఒక అంతస్తు కట్టారు. దాంతో పగటి వెలుతురు ఆగిపోయింది. నలభై ఏళ్ళపాటు మోనే కలువలు కరెంటు దీపాల కింద ఉన్నాయి. 2000లో మొదలైన మరమ్మతులో ఆ అంతస్తుని కూలగొట్టారు. 2006లో తెరిచినప్పుడు ఎండ మళ్ళీ లోపలికొచ్చింది. దానికోసం దేశం ఆరేళ్ళు మ్యూజియం మూసుకుంది. నాకు ఇది బొమ్మల కన్నా గొప్ప కథ అనిపిస్తుంది. చూడ్డానికి బొమ్మ ఉంటే చాలదు, ఏ వెలుతురులో చూస్తున్నామన్నది కూడా బొమ్మలో భాగమేనని ఒప్పుకోవడం అది.

"ఇంటరాక్టివ్ అంటే ఇదే కదక్కా, ఒక రకంగా" అన్నాడు వాడు. "మబ్బు ఇన్‌పుట్."

నవ్వాను కానీ, వాడన్నది తీసిపారేసే మాట కాదు.

*

సేన్ నది వెంబడే నడుచుకుంటూ పోయాం. అరగంటలో ఆల్మా వంతెన దగ్గర నగర ఆధునిక కళా మ్యూజియం వచ్చింది. అక్కడి శాశ్వత సేకరణకి టిక్కెట్టు లేదు. అందులో ఒక గదినిండా రౌల్ ద్యుఫి వేసిన ‘విద్యుత్ దేవకన్య’ ఉంది.

10 మీటర్ల ఎత్తు, 60 మీటర్ల పైచిలుకు పొడవు. 250 చెక్క పలకలు. 1937 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో విద్యుత్తు, వెలుతురు మంటపం కోసం వేసింది. ప్రాచీన గ్రీకు తత్వవేత్తల నుంచి ఎడిసన్ కాలం దాకా నూరుమందికి పైగా శాస్త్రవేత్తలు కింద వరసలో నిలబడి ఉంటారు. మధ్యలో విద్యుత్ కేంద్రం జనరేటర్లు, వాటి పైన గ్రీకు దేవతలు. చివరికొచ్చేసరికి దీపాలతో మెరిసే నగరం మీదుగా దేవకన్య ఎగిరిపోతుంటుంది. రంగులు పసిపిల్లల పండగలాగా ఉంటాయి. కూర్చుని చూస్తే నిజంగా సంతోషం వేస్తుంది.

దీన్ని వేయించింది పారిస్ విద్యుత్ పంపిణీ కంపెనీ. కరెంటు అమ్మేవాళ్ళు కరెంటుకి కట్టించిన గుడి ఇది. అలాగని బొమ్మ చెడ్డదైపోదు. మన గుళ్ళలోని శిల్పాల వెనక కూడా డబ్బిచ్చిన రాజులున్నారు. కాకపోతే ఈ వెలుతురు ఎవరి సొత్తు అనే ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. సూర్యుడి వెలుతురుకి మీటరు లేదు, దీనికి ఉంది.

అదే ప్రదర్శనలో, అదే ఎండాకాలంలో, స్పెయిన్ మంటపంలో ఇంకో పెద్ద చిత్రం ఉంది. పికాసో ‘గెర్నికా’. ఆ ఏడు ఏప్రిల్ 26న బాంబులు పడిన ఊరి పేరు అది. ఆ చిత్రంలోనూ పైన, నడిమధ్యకి దగ్గరగా, ఒక కరెంటు బల్బు ఉంటుంది. నలుపూ తెలుపూ బూడిదరంగుల మధ్య, చచ్చిపోతున్న గుర్రం నెత్తి మీద, నగ్నంగా వెలుగుతూ. దాని కింద ఇంకొకరు పాత నూనెదీపం పట్టుకుని చెయ్యి చాచి ఉంటారు. ఒక మంటపంలో విద్యుత్తు దేవకన్య అయితే, ఇంకో మంటపంలో అదే విద్యుత్తు రెప్ప వెయ్యని కన్ను. ఆ వేసవిలో రెండు మంటపాలూ తిరిగిన మనిషి ఇంటికి ఏం తీసుకెళ్ళి ఉంటాడని ద్యుఫి ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించాను.

*

ఇదే మ్యూజియంలో 1963లో ఇంకో సంగతి జరిగింది. ఆ ఏడు ఇక్కడ జరిగిన యువ కళాకారుల బినాలేలో ఆరుగురు కుర్రవాళ్ళు ఒక చిక్కుదారి కట్టారు. వాళ్ళ బృందం పేరు దృశ్యకళా పరిశోధక బృందం. ఫ్రెంచి పొడి అక్షరాలు కలిపి గ్రావ్ అనేవారు. 1960లో మొదలైంది. అర్జెంటీనా నుంచి వచ్చిన హూలియో లె పార్క్, పడమటి ఫ్రాన్స్‌లోని షోలే ఊరివాడైన ఫ్రాంస్వా మోరెల్లే, మిగతా నలుగురు. ఆ చిక్కుదారిలో గది తర్వాత గది. ఒకచోట మిణుకుమనే దీపాలు, ఒకచోట కదిలే అద్దాలు, ఒకచోట మనిషి వచ్చి తోస్తే తప్ప కదలని వస్తువులు. మ్యూజియంలో ముట్టుకోవద్దని రాసి ఉంటుంది. వీళ్ళు తిరగేసి రాశారు. ముట్టుకోకపోతేనే తప్పు, ఊరికే నిలబడి చూస్తేనే తప్పు అన్నారు.

మన తరం ఇంటరాక్టివ్ అంటున్నదానికి అసలు తాత వీళ్ళే. కానీ వాళ్ళకి కావలసింది వినోదం ఒక్కటే కాదు. కళాకారుడంటే మహాత్ముడు, చూసేవాడు నోరు మూసుకుని మెచ్చుకోవాలి అనే సంబంధం మారాలన్నారు. బొమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాడు బయట కూడా చేతులు కట్టుకునే నిలబడతాడని వాళ్ళ అనుమానం. అందుకే లె పార్క్ దీపాల పెట్టెల్లో దాచిందేమీ లేదు. మామూలు బల్బు, చిన్న మోటారు, వేలాడే రేకుముక్కలు. వెలుతురు వాటికి తగిలి గోడల మీద పరుగులు తీస్తుంది. వంగి చూస్తే అంతా కనిపిస్తుంది, అయినా కళ్ళు తిప్పుకోలేం. తోలుబొమ్మల తెర వెనక్కి పోయిన పిల్లకి అది వెంటనే అర్థమవుతుంది.

1966 ఏప్రిల్ 19న వాళ్ళు మ్యూజియం కూడా వద్దనుకున్నారు. వ్యానులో సామాను వేసుకుని పొద్దున్నుంచి రాత్రిదాకా పారిస్ వీధుల్లో తిరిగారు. మెట్రో దగ్గర ఆఫీసులకి పరిగెత్తేవాళ్ళకి చిన్న చిన్న బహుమతులు పంచారు. ఒక కూడలిలో అడుగేస్తే ఊగే పలకలు పరిచి జనాన్ని నడవమన్నారు. ఆ కార్యక్రమం పేరు ‘వీధిలో ఒక రోజు’. ప్రేక్షకులకి ప్రశ్నపత్రాలు పంచి, మీకేమనిపించిందని అడగడం కూడా ఆ బృందానికి అలవాటు.

ఆ ఏడే లె పార్క్‌కి వెనిస్ బినాలేలో చిత్రకళకి పెద్ద బహుమతి వచ్చింది. రెండేళ్ళకి, 1968 మే ఉద్యమంలో విద్యార్థులతో కలిసినందుకు ఫ్రాన్స్ ప్రభుత్వం అతన్ని దేశం నుంచి పంపించేసింది. కొన్ని నెలల తర్వాత రానిచ్చింది. ఆ ఏడాది చివరికల్లా బృందం రద్దయింది. వాళ్ళు పెట్టిన మిణుకుదీపాలు డిస్కోలకీ దుకాణాల అద్దాల వెనక్కీ పోయాయి. చెయ్యి కదిలించడం మిగిలింది, ఎందుకు కదిలించాలన్న ప్రశ్న జారిపోయింది.

తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాళ్ళు కాగితం మీద అడిగారు. మేము అడగం" అన్నాడు.

"అంటే?"

"ఎవరు ఎక్కడ ఎంతసేపు నిలబడ్డారో సెన్సర్‌కి తెలుస్తుంది. వచ్చినవాళ్ళని అడగాల్సిన పనేముంది?"

*

ఆల్మా దగ్గర తొమ్మిదో నంబర్ మెట్రో ఎక్కి వోల్టేర్ స్టేషన్లో దిగాం. అక్కడి నుంచి పెర్ లాషేజ్ శ్మశానం నడిచే దూరం. సంవత్సరాల వరస ఇక్కడ కొంచెం తప్పింది. శ్మశానం సాయంత్రం మూసేస్తారు కాబట్టి ముందు అక్కడికి పోవాలి.

ముఖద్వారానికి దూరం కాని ఎనిమిదో భాగంలో రాబర్ట్‌సన్ సమాధి ఉంది. 1837లో పోయాడు. ఎత్తైన రాతికట్టడం, మూలల్లో రెక్కలున్న పుర్రెలు. ఒక పక్క చెక్కిన శిల్పంలో బెలూను ఎగురుతుంటే తలలెత్తి చూస్తున్న జనం. ఇంకో పక్క ఫాంటస్మగోరీ. గాలిలో అస్థిపంజరం, రెక్కల జంతువులు, ఎదురుగా గుంపుగా మనుషులు. కొందరు వెనక్కి పడబోతున్నారు. కొందరు ముఖం తిప్పుకుంటున్నారు.

ఆ శిల్పం ముందు నాకు ఒకటి తట్టింది. జీవితమంతా తెర వెనక దాక్కున్న మనిషి సమాధి మీద లాంతరు లేదు, చక్రాలు లేవు, కటకం లేదు. ఉన్నది చూసేవాళ్ళు. ఆ ప్రదర్శనలో మిగిలింది వాళ్ళ ముఖాలే. దీపం ఆరిపోయి రెండు వందల ఏళ్ళయింది. వాళ్ళు మాత్రం ఇంకా చూస్తూనే ఉన్నారు.

"మేము చేసేది కూడా ఇదేనా?" అన్నాడు వాడు. హాస్యానికి కాదు. చదువు అయిపోవస్తోంది, అదే స్టూడియోలో ఉద్యోగం ఇస్తామన్నారు, చేరాలా వద్దా అని నెల రోజులుగా కొట్టుకుంటున్నాడు. ఆ సంగతి నాకు అక్కడ, ఆ పుర్రెల కింద చెప్పాడు.

నా దగ్గర జవాబు లేదు. "పా, అదీ చూద్దాం" అన్నాను.

*

శ్మశానం నుంచి పావుగంట నడిస్తే సెయింట్ మోర్ వీధిలో అతెలియే దె ల్యుమియేర్. పేరుకి అర్థం వెలుతురుల కార్ఖానా. అది నిజంగానే కార్ఖానా. 1835లో ప్లిషోన్ అన్నదమ్ములు పెట్టిన ఇనుము పోతపోసే ఫౌండ్రీ. నౌకలకీ రైళ్ళకీ భాగాలు ఇక్కడ పోతపోసేవారు. రాబర్ట్‌సన్ బతికుండగానే ఇక్కడ కొలిమి వెలిగిందన్నమాట. 1929లో ఫౌండ్రీ మూతపడింది. 2018 ఏప్రిల్‌లో కల్చర్‌స్పేసెస్ అనే ప్రైవేటు సంస్థ దీన్ని తెరిచింది. మొదటి ప్రదర్శన క్లిమ్ట్‌ది. 140 ప్రొజెక్టర్లు, గోడలూ నేలా కలిపి 3,300 చదరపు మీటర్ల బొమ్మ.

ఆ రోజు ఎవరి చిత్రాలు ఆడుతున్నాయన్నది ఇక్కడ ముఖ్యం కాదు. చీకటి దాటి లోపలికి పోగానే గోడలు కరిగిపోతాయి. పది మీటర్ల ఎత్తున పూలు రాలుతుంటాయి. నేల కూడా పారుతుంటుంది. సంగీతం పొట్టలో మోగుతుంది. రాబర్ట్‌సన్ చీకటి నడవా, నల్లగుడ్డలు, గాజు హార్మోనికా అన్నీ ఉన్నాయి. లేనిది భయం ఒక్కటే. ప్రొజెక్టర్లు పైన కనిపిస్తూనే ఉన్నాయి గానీ, వాటి వెనక ఎవరూ లేరు. ఒకదాని బొమ్మ అంచు పక్కదాని అంచు మీద పడేచోట రెండిటి వెలుతురునీ తగ్గిస్తారనీ, అందుకే అతుకు తెలియదనీ తమ్ముడు చూపించాడు. తెలిశాక నేను అతుకులే వెతికాను. దొరకలేదు. ఎవరో చాలా ఓపికగా పనిచేశారు.

ఇక్కడ మనం కదిలినా కదలకపోయినా బొమ్మ తన దారిన పోతుంది. మనం కదిలితే మారే రకం, జపాన్ బృందం టీమ్‌ల్యాబ్ 2018 ఎండాకాలంలో ఇదే నగరం ఉత్తరాన ల విలెట్‌లో చూపించింది. నిలబడితే కాళ్ళ దగ్గర పూలు పూస్తాయి, ముట్టుకుంటే రాలిపోతాయి. గ్రావ్ కుర్రవాళ్ళు కలగన్నది అక్షరాలా నిజమైంది. ముట్టుకోవద్దని ఎవరూ అనరు. కానీ వాళ్ళ రేకుముక్కని తోసినవాడికి, తను తోశాడు కాబట్టి అది కదిలిందని తెలుసు. ఇక్కడ పువ్వు ఎందుకు పూసిందో మనకి తెలియదు. పూసినందుకు మురిసిపోతాం, అంతే.

ఇలా రాస్తున్నానని కోపం అనుకోవద్దు. ఆ హాల్లో ఒక ముసలాయన చక్రాల కుర్చీలో కూర్చుని నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాడు. ఒకమ్మాయి నేల మీద వెల్లకిలా పడుకుంది. పిల్లలు రాలే పూల వెనక పరిగెడుతున్నారు. "ఇక్కడ ఎవరూ ష్ అనరక్కా. మ్యూజియంలో నాకెప్పుడూ ఎవరో చూస్తున్నట్టే ఉంటుంది" అన్నాడు తమ్ముడు. ఆ మాటకి నా దగ్గర ఎదురుమాట లేదు. సమాధి మీది శిల్పం గుర్తొచ్చి, గోడలు చూడ్డం మానేసి ముఖాలు చూశాను. నీలం, ఎరుపు, బంగారం రంగులు మారుతున్న ముఖాలు. ఎవరూ వెనక్కి పడబోవడం లేదు. కొందరు సంతోషంగా ఉన్నారు, చాలామంది ఫోనులో దాన్ని పట్టుకునే పనిలో ఉన్నారు.

రెండు వందల ఏళ్ళ ఈ వరసలో చూసినవాటిని చిన్నదా పెద్దదా, పాతదా కొత్తదా అని కొలిస్తే పెద్దగా ఏమీ తేలదు. చుట్టూ బొమ్మ ఉండటం కొత్త కాదు, చీకటి కొత్త కాదు, కదలడం కొత్త కాదు. తేడా తెర దగ్గరే ఉంది. కొన్ని తెరలు మనల్ని వెనక్కి రానిస్తాయి. కొన్ని రానివ్వవు. వెనక్కి పోయి చూసొస్తే ఆట చెడిపోతుందని రాబర్ట్‌సన్ కోర్టు దాకా పోయాడు. చెడిపోదని కోర్టు తర్వాతి యూరప్ చెప్పింది. మా ఊరి గుడి ముందర పలక తొక్కిన మనిషికి ఆ సంగతి ముందే తెలుసు.

ఇదే మాట వాడితో ఇంకోలా అన్నాను. "చేరు. కానీ వెనక్కి పోవడానికి ఒక దారి వదులు."

వాడు ఏమీ అనలేదు. తల పైకెత్తి ప్రొజెక్టరు ఎక్కడుందో చూసుకుని, రెండడుగులు పక్కకి జరిగి, దాని వెలుగులోకి రెండు చేతులూ చాచి వేళ్ళు మడిచాడు. నేల మీద పారుతున్న పూల మధ్య ఒక నల్ల జింక లేచింది. కొమ్ములు సరిగ్గా రాలేదు. పరిగెడుతున్న పిల్లల్లో ఒకడు ఆగి జింకని చూశాడు. తర్వాత నేల వదిలేసి పైకి, వాడి చేతుల వైపు చూశాడు. కాసేపటికి ఆ పిల్లాడూ చేతులు చాచాడు. వాడిది కుక్కో, కుందేలో తెలియలేదు. దాన్ని చూసి ఇంకో ఇద్దరు వచ్చారు.